వాగులో పాతిన గడ

మొన్న టేకుమట్ల దిక్కు పోయే బస్సు వంతెన మీద ఆగితే, పక్క సీటాయన కిటికీలోంచి కిందికి చూసి "గిది వాగా, ఇసుక దిబ్బనా?" అని నవ్వాడు. నేను నవ్వలేకపోయాను.

గుట్టల్లో పుట్టి, నాలుగైదు ఊళ్లను ఒరుసుకుంటూ గోదావరిలో కలిసే వాగు అది. గోదావరి దాటితే వేరే రాష్ట్రం, వేరే భాష. మాకు మాత్రం ఈ వాగే సరిహద్దు. ఇటు మా ఊరు, అటు మేనత్త ఊరు. వరద వచ్చి పోయిన ప్రతిసారీ ఇసుక కదిలి, నిన్న నడిచిన చోట ఇవాళ ఊబి ఉండేది. అందుకే వరద తీయగానే ఒకరు ముందు దిగి, కాలితో తడుముతూ గట్టి నేల వెతికి, అక్కడ వెదురు గడ పాతాలి. మిగతావాళ్లు దాని పక్కనుంచే దాటుతారు. ఆ పని అత్త భర్తది, అంటే మా మామది. పాతి, ఒడ్డు మీద నిలబడి "రాండ్రి, మీ కోసం సడక్ ఏసిన!" అని కేకేసేవాడు.

అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో కాలేజీ మూతపడి ఊరికొచ్చాను. ఒకనాడు ముగ్గురు దోస్తులతో ఊరేగింపు తీశాను. మా నినాదాలు ఎక్కువగా విన్నది మేకలే. జెండాకు కర్ర లేదు. పొద్దున్నే మామ పాతిపోయిన గడ, నున్నగా, జెండా కోసమే పుట్టినట్టు కనిపించింది.

"మీ మామ తిడతడు రా," అన్నాడొక దోస్తు.

"రాష్ట్రమొస్తే వంతెనే వస్తది, గడెందుకు?" అని పీకేశాను. తిరిగి పాతుదామనుకున్నాను. పాతలేదు.

సాయంత్రం అత్త, నాకిష్టమని సర్వపిండి మూట కట్టుకుని బయలుదేరింది. గడ కనబడక పాత గుర్తుతోనే దిగింది. ఊబి పట్టేసింది. గుట్టల నుంచి మళ్లీ నీళ్లు వచ్చేసరికి ఆమె ఇంకా అందులోనే ఉంది.

"గడ వాగుల కొట్టుకపోయింది. ఇంకింత లోతు పాతకపోతిని," అని మామ కనబడిన ప్రతి ఒక్కరితో అనేవాడు. ఆ గడ మా ఇంట్లో తలుపు వెనక జెండాతో సహా నిలబడి ఉంది. పదేళ్లు దాటినా ఆయన ఆ మాట మానలేదు, నేను నోరు తెరవలేదు. చివరికి దవాఖాన మంచం మీద కూడా నా చెయ్యి పట్టుకుని, "అల్లుడా, జర లోతు పాతితే బతికేది గదా," అన్నాడు.

"ఊకో మామా, నీ తప్పేం లేదు," అన్నాను. ఎవరిదో చెప్పలేదు.

రాష్ట్రమొచ్చింది, వంతెనొచ్చింది. కాలం వాగును కూడా తీసుకుపోయింది గానీ, ఆ గడను మాత్రం నా చేతిలోనే వదిలేసి పోయింది.