పన్నెండంగుళాల సాల్మన్ రాజు

సాల్మన్ రాజు ఎవరింటికి భోజనానికి వెళ్లినా ముందు కాళ్లు కడుక్కోడు, గ్యాస్ ప్రెషర్ కొలుస్తాడు. నంద్యాలలో స్టవ్‌లు బాగుచేసే ఈ మహానుభావుడి చంకలో ఎప్పుడూ ఒక చెక్క ఉంటుంది. దానిమీద వంచి బిగించిన ప్లాస్టిక్ గొట్టం, గొట్టంలో ఎర్రనీళ్లు, పక్కన స్కేలు. ఒక కొస పొయ్యికి తగిలిస్తే గ్యాస్ నీళ్లను తోస్తుంది. రెండువైపుల నీళ్లకూ పన్నెండంగుళాల తేడా ఉంటేనే ఆయన దృష్టిలో అది పొయ్యి. లేకుంటే పాతసామాను.

ఇమ్మానుయేలు కొత్తింటి ప్రార్థనలో పాస్టరుగారు కళ్లు మూసుకోగానే వంటింట్లోకి దూరాడు. అందరూ ‘ఆమెన్’ అనాల్సిన వేళకు లోపలినుంచి “పదిన్నరే!” అని కేక వినిపించింది.

అరుణకుమారి టీచరమ్మ దగ్గర మరీ విడ్డూరం. చిన్నప్పుడు ఆమే అతనికి లెక్కలు చెప్పింది. ఆమె భర్త పరంజ్యోతి చనిపోయాక ఏడాదిగా సాల్మన్ రాజు ప్రతి శనివారం చెక్కతో దిగేవాడు. కొలిచి, నిట్టూర్చి, “అర అంగుళం తక్కువుంది టీచరమ్మా. వచ్చేవారం మళ్లా చూడాల” అనేవాడు. టీ తాగి, ఊరి కబుర్లన్నీ చెప్పి, ఆమెను రెండుసార్లన్నా నవ్వించి గానీ కదిలేవాడు కాదు.

“ఏడాదైనా అర అంగుళం ఎక్కించలేనోనివి, నువ్వేం మెకానిక్కప్పా!” అని ఆమె వెక్కిరించేది.

భార్యాభర్తలిద్దరూ ముచ్చటపడి కొన్న పాత వ్యానును ఆమె ఈమధ్యే ఇల్లులా మార్పించింది. మంచం, పొయ్యి, గ్యాస్‌తో నడిచే ఫ్రిజ్, గీజరు అన్నీ పెట్టించింది. డ్రైవింగూ నేర్చుకుంది. స్నేహితురాలు గోవిందమ్మతో ముందు ఆళ్లగడ్డ, ఆ తర్వాత అవుకు, అలా ఊళ్లు తిరగాలని ఆమె కోరిక. కొడుకు వినయ్ మాత్రం, “ఆళ్లగడ్డ దాకా ఎనకాలే వస్తా మా. ఒక్క తిప్పలొచ్చినా వ్యాను అమ్మేద్దాం” అని షరతు పెట్టాడు.

ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కేవాళ్ల పక్కన వ్యాను ఆపి, ఫ్రిజ్, గీజరు నడుస్తుండగానే ఉప్మాకు పొయ్యి వెలిగించారు. మంట రెండుసార్లు మిణుకుమని ఆరిపోయింది.

“చెప్తే ఇన్యావా? పా మా, నంద్యాలకు తిప్పు” అన్నాడు వినయ్.

ఆమె తిప్పలేదు, ఫోను తిప్పింది. సాల్మన్ రాజు పసిబిడ్డను ఎత్తుకొచ్చినట్టు చెక్కను ఎత్తుకుని బస్సు దిగాడు.

పొయ్యి ఒక్కటే వెలిగిస్తే పదకొండు. ఫ్రిజ్, గీజరు కూడా వెలిగించేసరికి ఏడు!

“యాడో పైపు గొంతు నొక్కుకోనుంది” అంటూ మంచం కిందికి దూరాడు. గోవిందమ్మ ఊరగాయ పెట్టె కింద రబ్బరు పైపు నలిగి పడుంది. కొత్తది వేసి, లీకు లేదని తేల్చుకుని, అన్నీ వెలిగించి, రెగ్యులేటరు మూత తీసి స్క్రూను రవ్వంత తిప్పాడు. నీళ్లు లేచాయి. మంట నీలంగా నిటారుగా నిలిచింది. శిల్పులు ఉలులు పక్కనపెట్టి చప్పట్లు కొట్టారు. వినయ్ ఉప్మా తిని, మళ్లీ ప్లేటు చాచాడు.

అరుణకుమారి కళ్లజోడు పెట్టుకుని, మొట్టమొదటిసారి వంగి స్కేలు చూసింది. వెంట్రుకవాసి తేడా లేకుండా పన్నెండు!

సాల్మన్ రాజు నిట్టూర్చాడు. “అర అంగుళం తక్కువుంది టీచరమ్మా. శనివారం అవుకుకొచ్చి మళ్లా చూస్తా.”

ఏడాదిపాటు తన పొయ్యికి పట్టిన జబ్బేమిటో ఆమెకు అప్పుడర్థమైంది. ఆమెకు నవ్వాగలేదు.

“లెక్కల్లో నువ్వెప్పుడూ ఇంతే. అర కాదప్పా, ముప్పావు తక్కువుంది. తప్పకుండా రా” అని ఆమె వ్యాను స్టార్ట్ చేసింది.