గోడకు జ్వరం

ఆ వేసవిలో మేము ఊరికి వెళ్ళలేకపోయాం. ఈ పరాయి దేశంలో ఉండనిచ్చే నా ఇఖామా రెన్యువల్ ఎక్కడో ఆగిపోయింది. అది చేతికి రాకుండా దేశం దాటితే తిరిగి రావడం కష్టమని మావారి ఆఫీసులో చెప్పారు. పిల్లలకు బడి సెలవులు ఇచ్చేశారు. మహబూలాలో మేముండే బిల్డింగులో కుటుంబాలన్నీ ఒక్కొక్కటిగా పెట్టెలు సర్దుకుని వెళ్ళిపోయాయి. మా అంతస్తులో మిగిలింది మేమూ, పక్క ఫ్లాటులో గదులు పంచుకుని ఉండే మగవాళ్ళూ.

పిల్లల్ని బయటికి పంపే కాలం కాదది. కుళాయి తిప్పితే చన్నీళ్ళ వైపు నుంచే పొగలు కక్కే నీళ్ళు వచ్చేవి. సముద్రం నడిచి వెళ్ళేంత దూరంలో ఉన్నా సాయంత్రాలు కూడా అటు వెళ్ళే ధైర్యం చేయలేదు. మా పెద్దదానికి తొమ్మిదేళ్ళు, చిన్నవాడికి ఆరు. సెలవుల మొదట్లో ఇద్దరూ సోఫాలో కూలబడి ఫోను చూశారు. కొన్నాళ్ళకు అన్నానికి పిలిస్తే ఆకలి లేదనేవాళ్ళు, పడుకోమంటే నిద్ర రావట్లేదనేవాళ్ళు. ఒంటికి అలుపు లేకపోతే ఆకలి మాత్రం ఎక్కడి నుంచి వస్తుంది? ఫోను బీరువాలో పెట్టి తాళం వేసి, ఇంట్లోనే ఆటలు మొదలుపెట్టాను.

సోఫాను గోడవారకు జరిపాం. రంగు టేపుతో హాల్లో నేల మీద తొక్కుడుబిళ్ళ గడులు అంటించాను. బిళ్ళకు బదులు సీసా మూత. బెలూను కింద పడకుండా ఇల్లంతా తిప్పడం, దిండ్లు పరిచి ఒకదాని మీంచి ఇంకోదాని మీదికి గెంతడం, నా పాత చున్నీని తాడులా పేని లాగుడు పందెం వేయడం. కప్పలా, పీతలా పాకే పోటీలు కూడా పెట్టాను. పీత నడకలో నన్ను ఎవరూ గెలవలేకపోయారు. కోనసీమలో కాలవగట్టున పెరిగినదాన్ని, పీతల్ని కావలసినంత చూశాను. మావారు పని నుంచి వచ్చేసరికి ముగ్గురం చెమటలు కక్కుతూ నేల మీద పడి ఉండేవాళ్ళం. పిల్లలు మళ్ళీ అన్నం అడిగి తినడం మొదలుపెట్టారు.

అన్నింటికన్నా వాళ్ళకు నచ్చింది గోడ ముట్టుకునే పందెం. వంటగది గుమ్మం దగ్గర మొదలుపెట్టి, హాలు దాటి, పడగ్గదుల మధ్య ఉన్న సన్నటి నడవా చివరికి పరుగెత్తి, అక్కడి గోడను అరచేత్తో చరిచి వెనక్కి రావాలి. రోజులో ఎన్నిసార్లు ఆడేవాళ్ళో వాళ్ళకే తెలియదు.

ఒకరోజు చిన్నవాడు సగం పందెంలో ఆగి వంటగదిలోకి వచ్చాడు.

"అమ్మా, గోడకి జ్వరం వచ్చింది."

నవ్వాను. ఎండాకాలం ఈ దేశంలో ముట్టుకుంటే వెచ్చగా లేనిదంటూ ఏముంది అనుకున్నాను. కూర కలుపుతుండగా మాత్రం ఏదో తేడాగా అనిపించింది. అది ఎండ తగిలే గోడ కాదు. దాని అవతల పక్క ఫ్లాటు ఉంది. రెండు ఇళ్ళలోనూ ఏసీలు ఆడుతూనే ఉంటాయి. స్టవ్ కట్టేసి వెళ్ళి చెయ్యి పెట్టి చూశాను. చిన్నవాడి చేతికి అందే ఎత్తులో, పళ్ళెమంత మేర, నిజంగానే జ్వరం ఒంటిలా ఉంది. దాని చుట్టూ గోడ చల్లగా ఉంది.

సాయంత్రం మావారు కూడా చెయ్యి పెట్టి చూశారు. "వేడి నీళ్ళ పైపు పోతుందేమోలే. రేపు హారిస్‌కి చెప్తాను" అన్నారు.

హారిస్ అంటే మా బిల్డింగు చూసుకునే మనిషి. మర్నాడు వచ్చి గోడను వేలి కణుపుతో రెండుచోట్ల కొట్టి చూశాడు. "బాహర్ ఇత్నా గర్మీ హై మేడం, దీవార్ గరమ్ నహీ హోగా?" అని, బయటి ఎండకే గోడ వేడెక్కిందని తేల్చేశాడు. ఇది లోపలి గోడ కదా, దీనికి ఎండ ఎలా తగులుతుందని నాకొచ్చిన హిందీలో అడిగాను. మేనేజరుకు చెప్తానని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఎవరూ రాలేదు.

అటువైపు వెళ్ళొద్దని పిల్లలకు చెప్పాను. పందెం బాత్రూము తలుపు దాకానే అని గీత మార్చాను. ఒక మధ్యాహ్నం వాళ్ళు మరీ నిశ్శబ్దంగా ఉన్నారేమిటా అని వెళ్ళి చూస్తే, ఇద్దరూ ఆ గోడకు అరచేతులు ఆనించి నిలబడి ఉన్నారు. ఎవరు ఎక్కువసేపు తియ్యకుండా ఉంచితే వాళ్ళు గెలిచినట్టట. చిన్నవాడి చెయ్యి విప్పి చూశాను. అరచెయ్యి ఎర్రగా కందిపోయింది. వాడు గెలిచినందుకు సంబరంగా ఉన్నాడు. బట్టలారేసే స్టాండు తెచ్చి నడవాకు అడ్డంగా పెట్టాను.

పక్క ఫ్లాటులో ఉండేవాళ్ళలో ఒకతను రాయచోటి వైపు మనిషి. రాత్రిళ్ళు బేకరీలో పనిచేసి పగలు పడుకుంటాడు. లిఫ్టు దగ్గర కనపడితే అడిగాను.

"మా పిల్లల గోలకి మీకు నిద్ర పట్టట్లేదేమో తమ్ముడూ."

"అట్లేం ల్యాదక్కా. నా మంచం ఆ గోడకే ఆనించి ఉండాది. పిల్లోళ్ళు టప్‌మని కొడితే మెలకువొస్తాది, మళ్ళా పండుకుంటా. ఇంటికాడ నా బిడ్డ గూడా అంతే, ఒక్కచోట నిలబడదు."

"ఆ గోడ మీ వైపు కూడా వేడిగా ఉంటోందా?"

"ఒక రూమును రెండు చేసేదానికి మా సైడు చెక్కలు కొట్టినారు గదక్కా, గోడ కనపడదు. చెక్క అయితే వెచ్చగనే ఉంటాది. దాని ఎనకాల కరెంటు డబ్బా ఒకటుండె. దాన్ని గూడా మూసేసినారు."

అతను మామూలుగానే చెప్పాడు. నేను మాత్రం లిఫ్టు ఎక్కకుండా వెనక్కి వెళ్ళి ఆ గోడను మళ్ళీ ముట్టుకుని చూశాను.

అప్పటి నుంచి ఇంట్లో ఎటు నడుస్తున్నా ఆ గోడ మీద ఒకసారి చెయ్యి పెట్టి వెళ్ళడం అలవాటైంది. సాయంత్రం పక్కవాళ్ళు పనుల నుంచి వచ్చి ఏసీలు, పొయ్యిలు వేసుకునే వేళకు మా హాల్లో ట్యూబులైటు మసకబారేది. నడవాలో పాత రబ్బరు చెప్పు కాలినట్టు వాసన వచ్చేది, కాసేపటికి పోయేది. తెల్లటి పెయింటు మీద టీ ఒలికినట్టు ఒక మరక తేలింది. ఫోటో తీసి మావారికి పంపాను. ఆయన బిల్డింగు ఆఫీసుకు ఫోను చేశారు. ఎలక్ట్రీషియన్ సెలవులో ఉన్నాడు, రాగానే పంపిస్తామన్నారు.

ఆ రోజు మధ్యాహ్నం బయట దుమ్ము లేచింది. కిటికీ అవతల వీధంతా నారింజ రంగులోకి మారిపోయి, ఎదురు బిల్డింగు కనపడకుండా పోయింది. పిల్లలు హాల్లో బెలూను ఆడుతున్నారు. బెలూను స్టాండు మీంచి నడవాలోకి ఎగిరింది. చిన్నవాడు దాని కోసం కిందనుంచి దూరాడు. దూరినవాడు బెలూను తీసుకోకుండా అలాగే నిలబడ్డాడు.

"అమ్మా, లోపల ఎవరో పోపు పెడుతున్నారు."

వెళ్ళి చెవి పెట్టాను. గోడ లోపల ఆవాలు చిటపటలాడుతున్నట్టు చప్పుడు. వాసన ఈసారి పోలేదు. పరుగెత్తి మా ఇంటి మెయిన్ స్విచ్ కట్టేశాను. ఏసీలు ఆగిపోయి ఇల్లు నిశ్శబ్దమైంది. గోడలో చిటపటలు మాత్రం ఆగలేదు. మంట మా కరెంటులో లేదు.

పెద్దదాన్ని గుమ్మం బయటికి తోశాను. "తమ్ముడి చెయ్యి వదలకు. లిఫ్టు ఎక్కొద్దు, మెట్ల మీంచే దిగు. హారిస్‌కి మంట అని చెప్పు" అన్నాను. అది తమ్ముణ్ణి లాక్కుని దిగిపోయింది. వాళ్ళ అడుగుల చప్పుడు కింది అంతస్తు దాటే వరకూ విన్నాను.

పక్క తలుపు బాదాను. పలుకు లేదు. అందరూ పనికి వెళ్ళి ఉంటారు అనుకుంటుండగా గుమ్మం పక్కన ఒక జత చెప్పులు కనిపించాయి. మళ్ళీ బాదాను, అరిచాను. లోపల ఏసీ హోరు తప్ప ఏమీ వినపడలేదు. అతని మంచం ఎక్కడుందో గుర్తొచ్చింది. నా ఇంట్లోకి తిరిగి వెళ్ళి, అప్పడాల కర్ర తీసుకుని, ఆ మరకకు పక్కగా గోడను బాదడం మొదలుపెట్టాను. పెయింటు పొక్కులు లేచి పెచ్చులుగా రాలింది. సన్నటి పొగ గీత ఒకటి పైకి పాకింది. "తమ్ముడూ, లెయ్యి" అని ఎంతసేపు అరిచానో నాకు తెలియదు.

బయట పక్క ఫ్లాటు తలుపు తెరుచుకున్న చప్పుడు విని పరుగెత్తాను. అతను బనీనుతో, దగ్గుతూ, గోడ పట్టుకుని వచ్చాడు. అతని వెనకాల గది నల్లగా ఉంది.

"రూములో ఇంకెవరైనా ఉన్నారా?"

"ల్యారక్కా. నేనొకణ్ణే." మెట్ల మీద కూలబడి, "చెక్క అంటుకున్యాది. కల అనుకున్యా" అన్నాడు.

ఫైరింజను దుమ్ములోంచి వచ్చింది. హారిస్ అప్పటికే బిల్డింగుకంతా కరెంటు తీసేశాడు. పక్క ఫ్లాటులో రెండు గదులు కాలిపోయాయి. ఒక గదికి సరిపోయే వైరు మీద నాలుగు ఏసీలు నడిపారని, చెక్క వెనక మూసేసిన డబ్బాలో అది కరిగిపోయిందని ఆర్పినవాళ్ళు మావారితో చెప్పారు. పిల్లలు ఎదురు బకాలాలో, అంటే కిరాణా కొట్టులో, నీళ్ళ పెట్టెల మీద కూర్చుని ఉన్నారు. చిన్నవాడు నన్ను చూడగానే "బెలూను కాలిపోయిందా?" అని అడిగాడు. అప్పుడు వచ్చింది నాకు ఏడుపు.

వేరే ఇల్లు దొరికేదాకా అక్కడే ఉండక తప్పలేదు. గోడకు కొత్త సిమెంటు పూసి, తెల్లగా రంగు వేశారు. రాయచోటి తమ్ముణ్ణి కంపెనీ జహ్రాలో వేరే రూముకు మార్చింది. పిల్లలు మళ్ళీ సోఫాలో కూలబడ్డారు. నేనెంత బతిమాలినా పరుగు పందెం అంటే కదలలేదు. దిండ్లు పరిచి నేనే ముందు గెంతి చూపించాను. వాళ్ళు నన్నే చూస్తూ కూర్చున్నారు. బడి తెరిచాక గానీ మళ్ళీ పరుగెత్తలేదు.

చలి మొదలయ్యాక సాల్మియాలో ఒక ఫ్లాటు దొరికింది. మేము సామాను కిందికి దింపుతున్న రోజే హారిస్ మా పాత ఇంటిని ఇంకో కుటుంబానికి చూపించడానికి తెచ్చాడు. వరంగల్ వాళ్ళు, కొత్తగా వచ్చారు. ఆమెను పక్కకు పిలిచి జరిగిందంతా చెప్పాను. పక్క ఫ్లాటులోకి ఆ వారమే మళ్ళీ చెక్కలు మోసుకెళ్ళారని కూడా చెప్పాను. ఆమె ఓపిగ్గా విన్నది.

"అయ్యో, గట్లనా అక్కా. మా ఆయనకు ఆఫీసు ఈడికి దగ్గర. ఇంకెక్కడ దొరుకుతలేదు" అంది. గోడ మీది ఏసీ వైపు చూసి, "ఏసీ మంచిగ నడుస్తదా?" అని అడిగింది.

నడుస్తుందన్నాను. ఆమె పిల్లలు ఇద్దరూ అప్పటికే చెప్పులు విప్పేసి, ఖాళీ హాల్లో ఆ చివర నుంచి ఈ చివరకు పరుగెడుతున్నారు.