ఫ్రిజ్‌లో పెట్టని పళ్లెం

ఆ రోజు చెక్క పళ్లెంలో పేర్చినదంతా పాడైంది నా వల్లే. ఈ ఒక్క మాటను నేను ఆరేళ్లు నోట్లోనే దాచుకున్నాను.

నా భార్య ఇంట్లో కేకులు చేసి, మహబూబ్‌నగర్‌లో మా కాలనీ వాళ్లకు అమ్మేది. ఊరి చివర కొత్తగా ఫంక్షన్ హాలు కట్టిన ఒకావిడ వాటిని తిని మెచ్చుకుంది. ఆమెను మేమంతా ఆపా అని, అంటే అక్కా అని పిలుస్తాం. పట్నం పెళ్లిళ్లలో చీజు, చాక్లెట్లు అందంగా పేర్చి పెడుతున్నారని, అలాంటిది చేసి చూపిస్తే హాలు ఆర్డర్లన్నీ నా భార్యకే ఇస్తానని కబురు పంపింది.

నా భార్య వడ్రంగితో టేకు పలకను పళ్లెంలా నున్నగా చేయించింది. నెల రోజులు ఫోన్‌లో చూస్తూ నేర్చుకుంది. ఆపా వచ్చే రోజు చీజును త్రికోణాలుగా కోసి విసనకర్రలా పరిచింది. చాక్లెట్ కరిగించి వేపాకుల్లా పోసింది. మధ్యలో ఖర్జూరాలు, ద్రాక్షలు, మన పాలమూరు పల్లీలతో చేసిన పట్టీ ముక్కలు. అంతా అయ్యాక పళ్లెం నా చేతిలో పెట్టింది.

"జర ఫ్రిజ్‌ల పెట్టుండ్రి. వాళ్లు కూసున్నంక నేనే తెస్త. మర్చిపోకుండ్రి."

"నాకు గంత మతిమరుపా? నువ్వు పోయి తానం చెయ్యి."

నేను మర్చిపోలేదు. మా ఇంట్లో ఫ్రిజ్‌లోంచి తీసింది చుట్టాల ముందు పెట్టరు. మిగిలింది పెట్టినట్టు ఉంటుందంటారు. చుట్టం గడప తొక్కేసరికి తినేది బల్ల మీద ఉండాలనేది మా అమ్మ. ఆపా కూడా అప్పుడే ఫోన్ చేసి పావుగంటలో వస్తున్నామంది. పళ్లేన్ని ముందుగదిలో ఫ్యాను కింద పెట్టి, ఈగలు వాలకుండా తెల్లగుడ్డ కప్పి, వాళ్లకు ఇల్లు చూపించడానికి సందు చివరికి వెళ్లాను.

మే నెల, సాయంత్రం నాలుగు. రైల్వే గేటు పడింది. గూడ్సు బండి కదలడం లేదని ఆపా మళ్లీ ఫోన్ చేసింది. అరగంట దాటింది. పక్కన కిరాణా కొట్టులో ఫ్యాను తిరగడం ఆగింది. కరెంటు పోయిందని అర్థమై పళ్లెం గుర్తొచ్చింది. ఇంటికి పరుగెత్తబోయే సరికి కారు సందులోకి తిరిగింది.

ఆపా, ఆమె కోడలు వచ్చి కూర్చున్నారు. నా భార్య కొత్త చీరలో లోపలి నుంచి వస్తూ బల్ల మీది గుడ్డను చూసి ఆగిపోయింది. ఇక చేసేదేమీ లేక గుడ్డ ఎత్తాను. చాక్లెట్ ఆకులు గుడ్డకే అంటుకుని లేచాయి. చీజు ముక్కలు నూనె కక్కి ఒకదానిమీద ఒకటి వాలిపోయాయి.

"అంకుల్, ఇది హల్వానా?" అంది కోడలు.

"చుప్," అని ఆపా నా భార్య వైపు తిరిగింది. "ఫ్రిజ్‌ల పెట్టలేదా అమ్మా?"

నా భార్య నన్ను చూసింది. నేను నవ్వాను. "ఫోన్‌ల చూసి నేర్చుకున్నది ఆపా. కొత్త గదా!"

"అవును, మర్చిపోయిన," అంది నా భార్య.

ఆపా మర్యాదకు ఒక పల్లీపట్టీ ముక్క తిని, చాయ్ తాగి వెళ్లిపోయింది. నా భార్య చెంచాతో గుడ్డ మీది చాక్లెట్ గీకుతుంటే నేను వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. ఆపాకు ఫోన్ చేసి నిజం చెప్తానని అనబోయి, అనకుండానే ముందుగదిలోకి వెళ్లిపోయాను. ఆర్డర్లు హైదరాబాద్ వాళ్లకు పోయాయి. కొన్నాళ్లకు నా భార్య కేకులు చేయడం కూడా మానేసింది. టేకు పలక మీద ఇప్పుడు ఉల్లిగడ్డలు కోస్తాం.

పోయిన నెల అదే హాలులో ఒక పెళ్లికి వెళ్లాం. ఆపా పలకరించి, "ఇప్పుడన్న ఫ్రిజ్‌ల పెడ్తున్నవా అమ్మా?" అని నవ్వింది. నా భార్య కూడా నవ్వబోయింది. ఆ నవ్వు చూసి నేనిక ఉండలేకపోయాను.

"ఆపా, గా దినం ఆమె నన్ను ఫ్రిజ్‌ల పెట్టుమన్నది. పెట్టనిది నేను. తప్పు ఆమె మీద ఏసిన."

ఆపా నవ్వు పోయింది. "గప్పుడే చెప్పొద్దా భాయ్? ఇప్పుడు నేనేం చెయ్యాలె?"

నా భార్య వైపు తిరిగాను. ఆమె తన చేతిలోని కిళ్లీ వైపే చూస్తోంది.

"నిన్ను అందరిల బద్నాం చేసిన," అన్నాను. "మాఫ్ చెయ్యి."