రెండు నిమిషాల్లో

లిఫ్టులు బాగుచేసే మెకానిక్‌కి నలభై దాటాక పెళ్లి కుదిరింది. ఆగిపోయిన లిఫ్టులో ఇరుక్కున్న ఒక నర్సుతో తలుపు ఇవతలి నుంచి గంటసేపు కబుర్లు చెప్పి, ఆమెనే చేసుకున్నాడు.

నెల తిరక్కుండానే ఇద్దరూ కొండెక్కారు. పైన వాగు పారే మడుగు ఉంది. ఆమెకు ఈత వెన్నతో పెట్టిన విద్య. "మీకూ వచ్చుగా?" అని అడిగితే, కొత్త పెళ్లాం ముందు చులకనైపోతానని "ఏదో కొద్దిగా" అన్నాడు మహానుభావుడు.

నీళ్లలోకి నాలుగడుగులు వేశాడో లేదో కాలికింద నేల లేదు. పైప్రాణాలు పైనే పోయాయి. నాచుపట్టిన బండను కరుచుకుంటే వేళ్లు జారిపోతున్నాయి, వాగు లోపలికి లాగుతోంది. ఆమె ఈదుకుంటూ వచ్చి వెనకనుంచి పట్టుకుంది.

"కంగారుపడకండి. నేనిక్కడే ఉన్నా. రెండు నిమిషాల్లో బయటపడతాం."

అవి అతని మాటలే. ఆ రోజు తలుపు ఇవతల నిలబడి ఆమెతో అన్నవే. లిఫ్టులో ఇరుక్కున్న ప్రతివాళ్లతోనూ పదిహేనేళ్లుగా అంటున్నాడు, విన్నవాళ్లు కుదుటపడుతున్నారు. లోపం ఎక్కడుందో అంతుపట్టక, ఏం చెయ్యాలో పాలుపోనప్పుడే తను ఆ మాట అంటాడని ఎవరికీ చెప్పలేదు.

తన ఛాతీ చుట్టూ ఉన్న ఆమె చేతికేసి చూశాడు. వణుకుతోంది.