మా చెల్లె రైలు, నేనమ్మిన ధర

ఇది రాయొద్దనే అనుకున్న. రెండుసార్లు టైపు చేసి చెరిపేసిన. ఒక ముసలాయన ప్లాస్టిక్ రైలు ముచ్చట ఎవరిక్కావాలె... కానీ నిన్న మా పెద్దోడు ఫోన్‌ల ఇంకో రేటు చూపించిండు. ఇగ ఉండబట్టలేదు.

మా చిన్నప్పుడు... సూర్యాపేటకు రైలు లేదు. ఇప్పుడూ లేదనుకోండి, అది వేరే ముచ్చట. రైలు చూసొచ్చినోళ్లకు మా వాడకట్టుల ఒక ఇజ్జత్ ఉండేది. ఒకాయనైతే రైలు కూత ఎట్లుంటదో కూసి చూపించి, అందరికాడ చాయ్ తాగేటోడు. ఆయన కూడ రైలు చూడలేదని మాకు చానా ఏండ్లకు తెలిసింది.

అసొంటి ఊరికి, బొంబాయి మిల్లుల పనిచేసే మా మేనమామ ఒక అట్టపెట్టె పట్టుకొచ్చిండు. లోపల అన్నీ ప్లాస్టిక్ ముక్కలు... చక్రాలు, కిటికీలు, పొగగొట్టం, చిన్న గమ్ము సీసా. ఓపికగ అతికించుకుంటే ఒక ఇంజిను, మూడు డబ్బాలు అయితయి.

మామ ఆ పెట్టెను మా చెల్లె యాదమ్మ ఒళ్లో పెట్టిండు. "ఇది నా కోడలు పిల్లకు" అన్నడు. స్పష్టంగనే అన్నడు. నేను పక్కనే ఉన్న. నాకప్పుడు పన్నెండేండ్లు, ఆమెకు ఎనిమిది.

వారం దినాలు కూసొని అతికించినం. అతికించినం అంటున్న గాని, గమ్ము పెట్టింది నేను, ముక్కలు ఏరి అందించింది ఆమె. ఆఖరి చక్రం ఎక్కంగనే రైలు నాదైపోయింది.

"ఆడపిల్లవు, నీకు రైలెందుకే?" అన్న.

ఆమె కొట్లాడలేదు. "మరి దసరాకు బొట్లు నేనే పెడత" అన్నది.

మా నాయినది సైకిళ్ల రిపేరు దుకాణం. దసరా నాడు పానాలు, గాలిపంపు, సుత్తె అన్నీ కడిగి వరసగ పేర్చి పసుపు కుంకుమ పెట్టేటోడు. ఆ వరస చివర్ల యాదమ్మ రైలును నిలబెట్టేది. "ఇది గూడ బండే గద నాయినా" అనేది. నాయినకు నవ్వొచ్చేది, కాదనకపోయేటోడు.

నేరేడుచర్లకు ఇచ్చి లగ్గం చేసినంక గూడ ఆమె ఆ పని ఇడిసిపెట్టలేదు. నేను రైసుమిల్లుల మెకానిక్ పని దొరికి మిర్యాలగూడకొచ్చిన, రైలూ నాతోనే వచ్చింది. బతుకమ్మ పండుగకు ఆమె మా ఇంటికి వచ్చుడు, దసరా పొద్దున అల్మారా తెరిచి ఇంజినుకు బొట్లు పెట్టుడు. నిరుటి బొట్టు మీదనే ఈ ఏటి బొట్టు... గట్టిపడి పెంకు కట్టినయి.

2001ల ఒక్కసారి అడిగింది. "అన్నా, రైలు మా మనుమనికియ్యవా? జర ఆడుకుంటడు."

"పలగ్గొడతడు. నాకాడుంటే భద్రంగ ఉంటది" అన్న. భద్రం అన్న మాట నా నోట్లెకెల్లే వచ్చింది.

తర్వాత ఓ ఏడెనిమిదేండ్లకు మా పెద్దోడు కంప్యూటర్‌ల అచ్చం అదే పెట్టె చూపించిండు. కంపెనోళ్లు దాన్ని చేసుడు ఎప్పుడో బంద్ పెట్టిండ్రట. అందుకే పాతవి ఎక్కడ దొరికినా కొంటుండ్రట. నాలుగు వేలు. మరుసటేడు తొమ్మిది. మిల్లుల ఉండేటోణ్ణి గద... పొద్దున వడ్ల రేటు, పొద్దుమీకి రైలు రేటు చూసుడు అలవాటైంది. 2013 ఎండాకాలానికి ఇరవై రెండు వేలయింది.

పైసల అవసరం ఉండెనా అంటే, లేదు. అదే అసలు బాధ. రేటు పడిపోతదేమోనని అమ్మిన.

కొనేటాయనది విజయవాడ. కోదాడ బస్టాండుకు వస్తనన్నడు. పోయే ముందు ఇంజిను మీది బొట్లు చూస్తే నాకు గుబులైంది, ఇవి చూసి ధర తగ్గిస్తడేమోనని. థిన్నర్‌ల గుడ్డ ముంచి రుద్దిన. కుంకుమ పోయింది, పసుపు పోయింది... కింద ఉన్న నల్లరంగు గూడ పోయింది.

ఆయన బస్టాండుల ఇంజినును తిప్పి తిప్పి చూసిండు. "అయ్యో, దీనికేం చేశారండీ?"

"పసుపు కుంకుమ ఉండె సార్. సాఫ్ చేసిన."

"దానికి తడిగుడ్డ చాలు కదండీ! అలాగే తెచ్చినా నేను మొత్తం డబ్బులు ఇచ్చేవాణ్ణి."

పన్నెండు వేలు చేతుల పెట్టిండు. వాపసు తెచ్చుకునే తెలివి నాకు అప్పుడు గూడ రాలేదు. ఇచ్చేసిన.

దసరాకు యాదమ్మ వచ్చింది. గిన్నెల పసుపు కలుపుకొని అల్మారా తెరిచింది.

"రైలేదన్నా?"

"ఎలుకలు కొరికినయే... పారేసిన."

ఎలుకలకు ప్లాస్టిక్ రైలుతోని ఏం పనో నాకే తెల్వదు. కానీ ఆమె నమ్మింది. నమ్ముడే కాదు, నా భుజం మీద చెయ్యేసి, "పోతే పాయె తియ్యన్నా. చిన్నప్పటి సంది కండ్లల్ల పెట్టుకొని చూసుకున్నవు. పరేషాన్ గాకు" అన్నది.

ఒక మాట తిట్టినా బాగుండు.

నిన్న పెద్దోడు చూపించింది ఆ రైలే. రంగు లేసిపోయిన ఇంజినును గుర్తుపట్టనా? ముప్పై అయిదు వేలట. మళ్ల కొనే తాహతు నాకు లేదు. ఉన్నా, ఆమెకేమని చెప్పాలె... ఎలుకలు తెచ్చిచ్చినయనా?

ఆ రోజుల్ల ఇంట్ల వస్తువుకు రేటుంటదని మాకు తోచకపోయేది. ఇప్పుడు దేన్ని చూసినా ముందు ఫోన్ల దాని ధర ఎతుకుతున్నం. మీ అల్మారాల గూడ అక్కదో చెల్లెదో తమ్మునిదో ఏదన్న ఉండిపోయి ఉంటే... అదేందో, ఎవలదో కింద రాయండి. నా ఒక్కనిదే అయితే మరీ సిగ్గుగ ఉంది.

ఇదంత రాసినంక, ఇక్కడ పెట్టే ముందు నేరేడుచర్లకు ఫోన్ చేసి యాదమ్మకు అంతా చెప్పిన. చివరిదాక విన్నది. "పొయ్యి మీద అన్నం ఉన్నదన్నా" అని ఫోన్ పెట్టేసింది.