ఐర్లండ్ ఆటకు నేను చెప్పిన న్యాయం

మొదటి ఉద్యోగం చేసే రోజుల్లో మనిషికి తెలియని విషయమంటూ ఉండదు కాబోలు. నాకైతే ఉండేది కాదు. ఇంజనీరింగ్ పూర్తిచేసి దోహాలో ఓ నిర్మాణ కంపెనీలో చేరి, ఆ ఊళ్ళోనే అల్ తుమామాలో పిన్నీ బాబాయిల దగ్గర ఉంటున్న కాలం అది. ఎవరేమడిగినా "వచ్చు" అనేదాన్ని. ఆఫీసులో నా పక్క సీటు ఐర్లండ్ అమ్మాయి (ఎర్రటి జుట్టును నడుం దాకా జడ వేసుకునేది, మా ఇంట్లో ఆమె పేరు ఎర్రజడ) ఒకరోజు "నీకు బంతాటలు వచ్చా?" అని అడిగింది. కాలేజీలో త్రోబాల్ కెప్టెన్‌ని, వచ్చన్నాను. త్రోబాల్ అంటే ఏమిటో ఆమెకు తెలియదు. వాళ్ళ జట్టులో చేరి నన్ను ఆడమంటున్న గేలిక్ ఫుట్‌బాల్ ఏమిటో నాకు తెలియదు. అందువల్ల ఒప్పందం తేలిగ్గా కుదిరిపోయింది.

"ఏవిటే అది, గేలిక్కా? ఎవరు ఎవర్ని గేలి చేస్తారు?" అంది పిన్ని. (మొదటి రోజే జవాబు తెలిసింది కానీ ఇంట్లో చెప్పలేదు.) ఆ ఆటలో బంతిని చేత్తో పట్టుకోవచ్చు, కాలితో తన్నవచ్చు, పిడికిలితో గుద్దవచ్చు, విసరడం మాత్రం తప్పు. చేతిలో పెట్టుకుని నాలుగడుగులకు మించి పరిగెత్తకూడదు. ఈలోగా నేలకు కొట్టయినా పట్టుకోవాలి, పాదంతో పైకి తన్నయినా అందుకోవాలి. పరిగెడుతూ ఆ పని చేయబోతే నా బంతి పక్క మైదానంలో క్రికెట్ ఆడుకునేవాళ్ళ మధ్యకు పోయేది. మమ్మల్ని అక్కడ దింపి, బస్సు పక్కనే కూర్చుని చూస్తుండే మా కంపెనీ డ్రైవరు నిర్మల్ అన్న (ఊరి పేరే ఆయన పేరైపోయింది) ఒకరోజు ఇక ఉండబట్టలేక అన్నాడు: "గీ ఆట నాకు సమజ్ గాలె చెల్లె. కాళ్ళతోని తంతుండ్రు, చేతులతోని పడ్తుండ్రు, పిడికిలితోని గుద్దుతుండ్రు. ఇగ మిగిలింది నెత్తే."

నాకు వచ్చిందల్లా ఒకటే, బంతి పట్టడం. త్రోబాల్ పుణ్యమా అని ఆకాశంలోంచి ఎంత వేగంగా ఊడిపడినా నా చేతుల్లోంచి జారేది కాదు. పట్టాక ఏం చెయ్యాలో తోచేలోపు ఎదుటి జట్టువాళ్ళు చుట్టూ మూగి లాక్కుపోయేవాళ్ళు. రాబోయే టోర్నమెంటులో నాకు చోటు దొరకడం కష్టమని ఎర్రజడ మొహమాటపడుతూనే చెప్పింది. సరిగ్గా అప్పుడే ఐర్లండ్ నుంచి 'మార్క్' అనే కొత్త నియమం వార్త వచ్చింది. దూరం నుంచి తన్నిన బంతిని కింద పడకుండా పట్టినవాళ్ళు అక్కడే ఆగి, ఎవరూ అడ్డురాకుండా ఒక కిక్ కొట్టుకోవచ్చట. నా కోసమే ఎవరో కూర్చుని రాసినట్టు అనిపించింది. దాన్ని మా టోర్నమెంటులో పెట్టాలా వద్దా అన్నది మాత్రం దాన్ని నడిపే మా ఐరిష్ క్లబ్బు తేల్చాలి.

ఒక శుక్రవారం సాయంత్రం అందరూ గడ్డి మీద గుండ్రంగా కూర్చున్నారు. "ఆట పారుతూ ఉండాలి. ఆగి ఊపిరి పీల్చుకోవాలనుకునేవాళ్ళు గోల్ఫ్ ఆడుకోండి" అన్నాడు తెల్లమీసాల కోచ్ తాత. "చక్కగా బంతి పట్టినందుకు మాకు దక్కేదేమిటి, పక్కటెముకల్లో మోచేతులా?" అంది ఎర్రజడ. హర్లింగ్ అని కర్రలతో ఆడే మరో ఐరిష్ ఆట ఉంది. ఆ ఆటగాళ్ళు తమకు సంబంధం లేకపోయినా వచ్చి కూర్చుని, తమ ఆటలో మార్చాల్సిందేమీ లేదని గర్వంగా చెప్పారు. అంతలో వాళ్ళలోనే ఒకడు "అరచేత్తో కొట్టి అందించాల్సిన చేతి పాస్ పేరుతో కొందరు బంతిని విసిరేస్తున్నారు, అది మార్చాలి" అన్నాడు. ఇక వాళ్ళలో వాళ్ళకే మొదలైంది. (మా బాబాయి వైపు పెళ్ళిళ్ళలో పప్పులో ఉప్పు గురించి ఇలాగే వాదించుకుంటారు. నాకు ఇంటి దగ్గర ఉన్నట్టే అనిపించింది.)

చివరికి కోచ్ తాత నా వైపు తిరిగాడు. "ఈ అమ్మాయికి మన గొడవలేవీ లేవు. మీ ఆటలో బంతి పట్టినవాళ్ళు ఏం చేస్తారమ్మా?"

ఠీవిగా లేచి నిలబడ్డాను. త్రోబాల్ గొప్పతనాన్ని ఆది నుంచీ వర్ణించాను. "మా ఆటలో పట్టిన బంతిని మూడు సెకన్లలో విసిరేయాలి. ఆగామంటే ఫౌలే. ఆగేవాళ్ళని మా జట్టులోకే రానివ్వను" అని కెప్టెన్ గొంతుతో ముగించాను. కోచ్ తాత తొడ చరిచాడు. "విన్నారా? ఇండియాలో కూడా ఆగరు." అందరూ చప్పట్లు కొట్టారు, ఎర్రజడ మాత్రం నుదురు పట్టుకుంది. చేతులెత్తమంటే మార్క్ ఓడిపోయింది. నేను ఏం చేశానో అప్పటికి గాని నాకు వెలగలేదు.

బస్సెక్కుతుంటే నిర్మల్ అన్న అడిగాడు. "లేచి మస్తు మాట్లాడినవ్ చెల్లె, గెలిచినవా?"

"ఓడిపోయాను అన్నా."

"మరి గా సప్పట్లెందుకు?"

వెళ్ళి కిటికీ పక్క సీట్లో కూర్చున్నాను. ఏడుపొస్తుందేమో అనుకున్నాను, నవ్వొచ్చింది. అంతలో కోచ్ తాత వచ్చి కిటికీ అద్దం తట్టాడు. "నియమం మార్చలేదు గాని నీ చోటు మార్చాను. పరిగెత్తక్కర్లేకుండా బంతి పట్టాల్సిన చోటు ఒకటుంది కదా. రేపటి నుంచి గోల్‌లో నిలబడు" అన్నాడు.

ఆ ఏడాదంతా గోల్‌కీపర్‌గా ఆడాను. కోచ్ తాత తర్వాత వాళ్ళ దేశం వెళ్ళిపోయాడు. ఇప్పుడు గేలిక్ ఫుట్‌బాల్‌లో దూరం నుంచి కొడితే రెండు పాయింట్లంటూ ఇంకేవో కొత్త నియమాలొచ్చాయని, వాటి మీదా గొడవలేనని ఎర్రజడ మొన్న వాయిస్ మెసేజ్ పెట్టింది. నా అభిప్రాయం అడిగింది కూడా. ఆలోచించి చెబుతానన్నాను. అదే వారం ఆఫీసు మీటింగులో, ఇన్నేళ్ళుగా నేను చేస్తున్న పని గురించే మాట వచ్చింది. తప్పుగా చెబుతానేమోనని నోరు మెదపకుండా కూర్చున్నాను. ఏమీ తెలియని ఆట గురించి ఒక దేశం వాళ్ళందరికీ న్యాయం చెప్పి, తన చోటు తానే పోగొట్టుకుని, చప్పట్లు కొట్టించుకున్న ఆ పిల్ల ఆ మీటింగులో ఉంటే బాగుండేది. తప్పో ఒప్పో, లేచి నిలబడేది.