నాన్న పిలుపు తెరుచుకోని రోజు

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. వాటి కథలు ఇష్టంగా చదువుతాను గానీ, పుస్తకం మూశాక హాయిగా నిద్రపోయే రకం. ఇప్పుడు చెప్పబోయే సంగతి మాత్రం డైరీలో రాసుకున్నానే తప్ప ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

మాది చాపాడు దగ్గర పల్లె. మా గొర్రెలు నాన్న గొంతుకే కదిలేవి. దొడ్డి పక్కనున్న పెద్ద రాతిగుండు ఎక్కి ఆయన "ట్ర్ర్ర్... హోయ్" అంటే చాలు, బీడులోంచి వచ్చేసేవి. అమ్మ ఎంత పిలిచినా తలెత్తేవి కావు.

నాన్న ఆపరేషన్‌కని కడపకు పోయేముందు, అమ్మకు కష్టం కాకూడదని ఆ పిలుపును నా ఫోన్‌లో రికార్డు చేశాను. నాన్న తిరిగి రాలేదు.

ఆ తర్వాత రోజూ సాయంత్రం దొడ్డి వాకిట్లో ఫోన్ ఎత్తి పట్టుకునేదాన్ని. గొర్రెలు వచ్చేవి. అమ్మ అటు తిరిగి నిలబడి వినేది.

అప్‌డేట్ చేయమని ఫోన్ ఒకటే పోరు. నేను 'తర్వాత' అని నొక్కేదాన్ని.

"వద్దన్నా ఇనదేంది మే, మీ మేనత్త మాదిరి!" అనేది అమ్మ.

ఒక పొద్దున, చార్జింగ్‌లో ఉండగా, తనంతట తానే అప్‌డేట్ అయిపోయింది. నాన్న పిలుపు ఫైలు కనిపిస్తోంది, నొక్కితే తెరుచుకోదు. ఇద్దరం ప్రొద్దుటూరుకు పరిగెత్తాం.

"పాత యాప్‌ది కొత్త దాంట్లో తెరుచుకోదు మా. నేనేం చేసేది?" అన్నాడు సెల్‌ఫోన్ల షాపాయన.

"అడక్కుండా ఎట్ల మారుస్తారప్పా? ఫోను మాది కాదా?" అంది అమ్మ.

ఆయన ఫోన్ ఆపేసి చేతికిచ్చాడు.

ఆ సాయంత్రం అమ్మ గొంతు బొంగురుపోయేదాకా పిలిచింది. ఒక్క గొర్రె కదల్లేదు. ఆపేసిన ఫోన్ నా సంచిలోనే ఉంది.

ఉన్నట్టుండి అన్నీ ఒకేసారి తలలెత్తాయి. బీడు దాటి వచ్చాయి. మా దగ్గరికి కాదు, గుండు దగ్గరికి. దాని చుట్టూ చేరి కాసేపు పైకి చూశాయి. తర్వాత వరసగా దొడ్లోకి పోయాయి.

ఆఖరి గొర్రె లోపలికి పోయాక కూడా అమ్మ తడిక మూయలేదు. ఇంకెవరో రావాల్సినట్టు పట్టుకునే నిలబడింది.

"నీకేమన్నా ఇనపడిందా మే?"

"లేదు మా."

"నాకూ ఇనపల్యా" అని తడిక వేసింది.

మళ్లీ ఎప్పుడూ అలా జరగలేదు. ఆ రోజు గొర్రెలకు ఏం వినపడిందో ఎంత ఆలోచించినా తెలియడం లేదు. వాటికి వినపడినది మా ఇద్దరికీ ఎందుకు వినపడలేదో, అది అంతకన్నా తెలియడం లేదు.